ప్రార్థన కొండ ఎక్కి వచ్చాక

ఒంగోలు,
జనవరి 2

చిన్నీకి, బాబుకి,

ప్రభువు నామంలో శుభములు. మొన్న ఫోన్‌లో చిన్నీ ఒక మాట అడిగింది. "తాతయ్యా, మా ఫ్రెండ్ వాళ్ళ నాన్న కోసం నెల రోజుల నుంచి ప్రార్థన చేస్తున్నాను. ఆయనకి ఇంకా తగ్గలేదు. దేవుడు వినలేదా?" అని. అప్పుడు ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను గానీ నా మనసుకే అది చాల్లేదు. నిన్న ప్రార్థన కొండ ఎక్కుతున్నంతసేపూ ఆ ప్రశ్న నా వెంటే ఉంది.

ముప్పై ఒకటి రాత్రి చర్చిలో కొత్త సంవత్సరం వాచ్‌నైట్ సర్వీస్ అయ్యి, ఏడాదికి ఒక వాక్యం రాసి ఇచ్చే వాగ్దాన కార్డులు తీసుకుని ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. మళ్ళీ నాలుగున్నరకే కొండ కింద కలిశాం. చిన్నప్పుడు ఒకే హాస్టల్లో పెరిగిన నలుగురం. అందరికీ అరవై ఐదు దాటాయి. టార్చి లైట్లు పట్టుకుని, రాళ్ళ మధ్య కాలు చూసుకుంటూ, కంపకు పంచె తగులుకుంటే ఆగి విడిపించుకుంటూ ఎక్కాం. మాలో ఒకాయన భార్య పోయిన ఆగస్టులో చనిపోయింది. కిందే చెప్పేశాడు, "పైకి వస్తాను గానీ నన్ను ప్రార్థన చేయమని అడగొద్దురా" అని. ఎవ్వరం ఏమీ అనలేదు. ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను, నా చెయ్యి ఆయన పట్టుకున్నాడు.

ఈ కొండకు ఆ పేరు ఎందుకొచ్చిందో మీకు చెప్పాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఇది ఎక్కారు. నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, మన తెలుగువాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూతు. మూడో ఆయన నర్సు. అది ఆయన పేరు, ఉద్యోగం అనుకోకండి. మన సంఘాల్లో దొరల పేర్లు ఎన్నోసార్లు విన్నాను, జూలియా పేరూ రూతు పేరూ చెప్పినవాళ్ళు తక్కువ. మీరు మాత్రం ఆ పేర్లు గుర్తుపెట్టుకోండి. ఆ రోజు వాళ్ళూ నోరు తెరిచి ప్రార్థన చేశారు.

అప్పటి పరిస్థితి ఏం బాగాలేదు. 1836లో అమెరికా బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టారు. పదిహేడేళ్ళు గడిచినా నమ్మినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. ఈ మిషన్ ఇక మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ కూడా జరిగింది. అలాంటి సమయంలో ఈ ఐదుగురు కొండెక్కి, కింద కనిపిస్తున్న ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు.

చిన్నీ, జవాబు ఎప్పుడొచ్చిందో చూడు. వాళ్ళు అడిగిన ఆ సేవకుడు, అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొరగారు, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అడిగిన పన్నెండేళ్ళకు. వచ్చాక కూడా అంతా సాఫీగా జరగలేదు. పెద్ద కులాలవాళ్ళు కొందరు దగ్గరవుతున్న సమయంలోనే మాదిగ పల్లెల నుంచి యెర్రగుంట్ల పేరయ్యగారిలాంటివాళ్ళు విశ్వాసంలోకి వచ్చారు. వాళ్ళను చేర్చుకుంటే మేం రామన్నారు పెద్దకులాలవాళ్ళు. క్లౌగారూ ఆయన భార్యా వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం వచ్చిందట, మొదటి కొరింథీ మొదటి అధ్యాయంలో, లోకం తక్కువగా చూసేవాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట. వాళ్ళు పేరయ్యగారి పక్షానే నిలబడ్డారు. ఆ నిర్ణయం వల్లే ఈ రోజు మనం చదువుకున్నాం, బెంచీ మీద కూర్చున్నాం. ఇది మీకు నేను కాక ఇంకెవరు చెబుతారు?

తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. మా నాయనమ్మ ఆ పేరు ఎత్తితేనే గొంతు తగ్గించేది. జనం ఆకులలములు తిన్నారు, దారుల్లో పడి చచ్చిపోయారు. అప్పుడు క్లౌగారు మోకరించి ఊరుకోలేదు. ఇక్కడికి రాకముందు ఆయన భూమి కొలిచే సర్వే పని నేర్చినవాడు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమంది గంపలు మోసి, కూలి తీసుకుని ప్రాణం నిలుపుకున్నారు. బోధకులు కూడా ఆ మట్టిలోనే వాళ్ళతో ఉండి, సాయంత్రం గట్టుమీద కూర్చుని వాక్యం చెప్పేవారు.

ఆ కాలమంతా, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట వాళ్ళమీద పడకూడదు, ఆకలితో ఉన్న మనిషి చేత ప్రమాణం చేయించకూడదు అని. ఆ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే. కూలి ఇవ్వడం ఆగిపోయింది, పంపకాలు ఆగిపోయాయి. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్ళు మన తెలుగు బోధకులే, ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. కొండమీద ప్రార్థనకు అప్పటికి ఇరవై నాలుగేళ్ళు.

పైకి చేరేసరికి తూర్పు ఎర్రబడింది. ఒకప్పుడు నాగజెముడు పొదలున్న చోటల్లా ఇప్పుడు ఇళ్ళే. ఒకాయన 121వ కీర్తన చదివాడు. కొండలవైపు చూస్తానని మొదలుపెట్టిన భక్తుడు సహాయం కొండ నుంచి కాదు, యెహోవా నుంచి వస్తుందని వెంటనే అంటాడు. చాలా ఏళ్ళుగా చదువుతున్నా అది నిన్న కొత్తగా తగిలింది. ఒక్కొక్కరం ప్రార్థన చేశాం. నా వంతులో "మా చిన్నీ స్నేహితురాలి తండ్రి" అని అడిగాను. పేరు తెలియదు మరి. నేను ముగించగానే పక్కన నుంచి మెల్లగా "ఆమేన్" అని వినిపించింది. ప్రార్థన చేయమని అడగొద్దన్న ఆ స్నేహితుడే. దిగేటప్పుడు ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. కింద టీ తాగేటప్పుడు భార్య గురించి తనంతట తనే రెండు మాటలు చెప్పాడు.

దేవుడు విన్నాడా అని అడిగావు. విన్నాడని నేను నమ్ముతున్నాను. మీ ఫ్రెండ్ వాళ్ళ నాన్నకి ఎప్పుడు తగ్గుతుందో మాత్రం చెప్పలేను. నా స్నేహితుడి భార్య కోసం కూడా మేమంతా ప్రార్థన చేశాం, ఆమె దక్కలేదు. అది నీ దగ్గర దాచిపెట్టడం నాకిష్టం లేదు. అయినా నిన్న ఆయన కొండెక్కాడు.

ఈ లోపు నువ్వు ఒక పని చెయ్యి. ఆ పాప బడికి రాని రోజుల నోట్సు రాసి ఇచ్చిరా. వాళ్ళమ్మ ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతూ వండుకోలేకపోతుంటుంది, ఆదివారం మీ అమ్మను అడిగి క్యారియర్‌లో పప్పూ అన్నం పట్టుకెళ్ళు. బాబూ, క్యారియర్ బరువుగా ఉంటుంది, అక్కతో నువ్వూ వెళ్ళు. వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్న పేరేంటో కనుక్కుని నాకు రాయండి.

మీ తాతయ్య