లెక్కలో మైనస్ 29, సిలిండర్‌లో ప్లస్ 7

ఇంటర్‌లో అందరం బట్టీ పట్టిన వాయు సూత్రమే: పీవీ ఈక్వల్స్ ఎన్ఆర్‌టీ. పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్‌ల సంఖ్య, ఆర్ 0.08206 అనే స్థిరాంకం, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత. ఒక లీటరు సిలిండర్‌లో ఒక మోల్, అంటే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఉంది. లోపలి పీడనం 20 అట్మాస్ఫియర్లు. ఉష్ణోగ్రత ఎంత? 20ని 0.08206తో భాగిస్తే 243.7 కెల్విన్. అంటే దాదాపు మైనస్ 29 డిగ్రీల సెల్సియస్.

చాలామంది జవాబు రాసేసి ఇక్కడే ఆగిపోతారు. కానీ మైనస్ 29 దగ్గర కార్బన్ డయాక్సైడ్ 15 అట్మాస్ఫియర్లకే ద్రవమైపోతుంది. 20 దాకా వాయువుగా నిలవనే నిలవదు. భాగహారం సరిగ్గానే ఉంది, జవాబు మాత్రం అసాధ్యం!

ఈ సూత్రం అణువులకు పరిమాణం లేదనీ, అవి ఒకదాన్నొకటి లాక్కోవనీ అనుకుంటుంది. మన చుట్టూ ఉన్న గాలికైతే ఆ ఊహతో పని జరిగిపోతుంది. దట్టంగా కుక్కిన వాయువుకు జరగదు. ఈ చిక్కును విప్పినవాడు డచ్ శాస్త్రవేత్త యోహానెస్ వాన్ డర్ వాల్స్. వడ్రంగి కొడుకు, బడిపంతులు. లాటిన్, గ్రీకు చదువుకోలేదని యూనివర్సిటీ పరీక్షలకు చాలాకాలం అర్హతే దక్కలేదు. 1873లో లైడెన్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఆయన రెండు సవరణలు చేశాడు. గోడను తాకబోయే అణువును మిగతావి వెనక్కి లాగుతాయి కాబట్టి మనం కొలిచే పీడనం కాస్త తగ్గి కనిపిస్తుంది, దాన్ని తిరిగి కలపాలి. అణువులు ఆక్రమించిన చోటును ఘనపరిమాణంలోంచి తీసేయాలి.

కార్బన్ డయాక్సైడ్‌కు ఉన్న స్థిరాంకాల ప్రకారం మన సిలిండర్‌లో కలపాల్సింది 3.59 అట్మాస్ఫియర్లు, తీసేయాల్సింది 0.0427 లీటరు. 23.59ని 0.9573తో హెచ్చించి, 0.08206తో భాగిస్తే 275 కెల్విన్, అంటే 2 డిగ్రీల సెల్సియస్. ఆకర్షణ సవరణ ఒక్కటే ఉష్ణోగ్రతను 44 డిగ్రీలు పైకి లేపింది, పరిమాణం సవరణ 12 డిగ్రీలు కిందికి దించింది. నాకు ఈ లెక్కలో అందమంతా ఇక్కడే కనిపిస్తుంది. కంటికి కనపడని అణువుల లాగుడు ఎంతో డిగ్రీల్లో తేలిపోయింది.

అయితే వేడి పెరిగేకొద్దీ ఆ లాగుడు ప్రభావం తగ్గుతుంది. వాన్ డర్ వాల్స్ దాన్ని స్థిరంగా ఉంచాడు. 1949లో రెడ్లిక్, క్వాంగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తమ సమీకరణంలో దాన్ని ఉష్ణోగ్రత వర్గమూలంతో భాగించారు. అప్పుడు ఉష్ణోగ్రత సమీకరణానికి రెండు వైపులా వస్తుంది. కనుక ముందు ఒక అంకె ఊహించి మొదలుపెట్టాలి. ఇందాక వచ్చిన 275 పెడితే 280.6 వస్తుంది. దాన్ని మళ్లీ పెడితే 280.2. మూడోసారి అంకె దాదాపు కదలదు: సుమారు 7 డిగ్రీల సెల్సియస్. ఆ వేడి దగ్గర కార్బన్ డయాక్సైడ్ 20 అట్మాస్ఫియర్లలోనూ వాయువుగానే ఉంటుంది.