అవి తాళ్లు కావు

1915 డిసెంబరు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యం ఇరాక్‌లో టర్కీ సైన్యంతో పోరాడుతోంది. అక్కడి బస్రా రేవులో వరేలా అనే ఆసుపత్రి ఓడ ఉంది. అందులో పనిచేసే డాక్టరు, ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన మేజర్ కార్టర్, టైగ్రిస్ నదిలో గాయపడ్డ సిపాయిలతో దిగి వస్తున్న మెజిదియా అనే స్టీమరును దూరం నుంచి చూశాడు. దాని పక్కల వెంట తాళ్లు వేలాడుతున్నట్టు కనిపించింది. దగ్గరికి వచ్చేసరికి కంపు. అవి తాళ్లు కావు, మలం. లేవలేని మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఉండి, అక్కడే విరేచనాలైపోతే అది ఓడ అంచు మీద నుంచి జారి జారి అలాగే ఎండిపోయింది.

తర్వాత విచారణ కమిషన్ ముందు ఆయనే ఈ మాటలు చెప్పాడు. విరిగిన కాళ్లకు విస్కీ పెట్టెల చెక్కలు చీల్చి బద్దలుగా పెట్టారట, వాటిని గడ్డి మోపులు కట్టే తీగతో బిగించారట. వీళ్లంతా బాగ్దాద్ దగ్గర టెసిఫాన్‌లో నవంబరు 22న మొదలైన యుద్ధం నుంచి వచ్చినవాళ్లు. మృతులు, క్షతగాత్రులు కలిపి ఆ యుద్ధంలో మన వైపు లెక్క సుమారు 4,500, అందులో ఎక్కువమంది భారతీయులే. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

అలాగని ఆసుపత్రి ఓడలు లేకపోలేదు. గ్వాలియర్ మహారాజు ఒక పాత ప్రయాణికుల ఓడను కొని, లాయల్టీ అని పేరు పెట్టి ఆసుపత్రిగా మార్పించాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో చందాలు పోగుచేసి మద్రాస్ అనే పేరుతోనే ఒక ఆసుపత్రి ఓడను సిద్ధం చేశారు, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే. అంటే బస్రా నుంచి బొంబాయి దాకా సముద్రం మీద తెల్ల రంగు వేసిన ఆసుపత్రి ఓడలు ఉన్నాయి. యుద్ధరంగం నుంచి బస్రా దాకా నది మీద లేవు. మనుషులు చచ్చింది ఆ మధ్య దూరంలో.

టైగ్రిస్‌లో లోతు తక్కువ, పెద్ద ఓడలు పైకి పోలేవు. చిన్న స్టీమర్లేమో సరిపడా లేవు, ఉన్నవే పైకి వెళ్లేటప్పుడు తూటాలు, తిండి, కంచరగాడిదలు మోసుకెళ్లి, కిందికి వచ్చేటప్పుడు అదే డెక్ మీద, ఆ పేడ మీదే, గాయపడ్డవాళ్లను వేసుకొచ్చేవి. పైకి ఆయుధాలు మోసే ఓడకు రెడ్‌క్రాస్ జెండా కట్టుకునే హక్కు కూడా ఉండదు. ఇక ఓడ దాకా రావడమే ఒక నరకం, ఎందుకంటే మోసింది స్ప్రింగులు లేని బండ్లు. తొడ ఎముక విరిగితే విరిగిన చోట కొన కత్తిలా ఉంటుంది, బండి కుదిపినప్పుడల్లా అది కండను, రక్తనాళాలను కోస్తూనే ఉంటుంది. బయటికి చుక్క రాకుండానే లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. దానికి తోడు రక్త విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లు కూడా పోతాయి, మనిషి ఇంకెక్కడ మిగులుతాడు?

నీటి మీద మోయడం ఎందుకు మేలో కూడా ఇక్కడే అర్థమవుతుంది. నీళ్లు నిలకడగా ఉంటే గుంతలుండవు, కుదుపులుండవు. అలలున్న సముద్రంలో కూడా ఓడ ముక్కు, తోక లేచిపడుతున్నంతగా నడిబొడ్డు కదలదు, ఊగుడుబల్ల మధ్యలో కూర్చున్నవాడు తక్కువ ఊగినట్టే. అందుకే ఆపరేషన్ థియేటర్‌కు ఓడ మధ్యలో చోటు వెతుకుతారు.

పై అధికారులు మాత్రం వైద్య ఏర్పాట్లు బ్రహ్మాండంగా జరిగాయని టెలిగ్రాం కొట్టారు. నోరు విప్పిన కార్టర్‌ను అరెస్టు చేస్తామని బెదిరించారు. 1917లో కమిషన్ నివేదిక బయటికొచ్చాక ఇండియా వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. ఆలోపే నది మీదికి ప్రత్యేకంగా ఆసుపత్రి స్టీమర్లు రావడం మొదలైంది.

ఎంత పెద్ద ఓడైనా అన్నీ సరిగ్గా అమరితేనే. టైటానిక్ చెల్లెలు బ్రిటానిక్ సంగతే చూడండి, 3,300కు పైగా పడకలున్న ఆసుపత్రి అది. 1916 నవంబరు 21 ఉదయం గ్రీసు దగ్గర కేయా దీవి పక్కన జర్మన్ జలాంతర్గామి పెట్టిన మందుపాతరకు తగిలింది. టైటానిక్ మునిగాక నేర్చుకున్న పాఠాలన్నీ ఇందులో పెట్టారు, ఆరు గదుల్లోకి నీళ్లొచ్చినా తేలేలా కట్టారు. కానీ రోగులను ఎక్కించుకోవడానికి వెళ్తున్నారు కదా, వార్డుల్లోకి గాలి ఆడాలని గుండ్రటి కిటికీలు తెరిచి పెట్టారు. ఓడ ఒక పక్కకు ఒరగ్గానే ఆ కిటికీలు నీళ్లలోకి దిగాయి. ఆసుపత్రికి కావలసిన గాలీ, ఓడకు ఉండకూడని నీళ్లూ ఒకే దారిన వచ్చాయి. టైటానిక్‌కు రెండు గంటల 40 నిమిషాలు పట్టింది, దీనికి 55 నిమిషాలే. వెయ్యి మందికి పైగా ఉంటే చనిపోయింది 30 మంది, వాళ్లలో చాలామంది కెప్టెన్ చెప్పకముందే దించిన రెండు లైఫ్‌బోట్లలో కూర్చుని తిరుగుతున్న ప్రొపెల్లర్ల కిందికి లాక్కుపోబడ్డవాళ్లు. తిరుగు ప్రయాణంలో, పడకల నిండా లేవలేని మనుషులు ఉన్నప్పుడు జరిగి ఉంటే? ఊహించడానికే భయం.

రంగు విషయానికొస్తే, 1907 హేగ్ ఒప్పందం ప్రకారం సైన్యం నడిపే ఆసుపత్రి ఓడకు తెల్ల రంగు వేసి, చుట్టూ ఒకటిన్నర మీటర్ల వెడల్పున ఆకుపచ్చ పట్టీ గీయాలి. దాని పేరు ముందే శత్రువుకు చెప్పాలి, శత్రువు ఎక్కి సోదా చేస్తానంటే ఒప్పుకోవాలి, ఏ దేశపు క్షతగాత్రుడైనా చేర్చుకోవాలి. ఇన్ని చేసినా 1918 జూన్ 27న ఐర్లాండ్ దగ్గర లాండోవరీ కాజిల్ అనే ఆసుపత్రి ఓడను ఒక జర్మన్ జలాంతర్గామి ముంచేసి, లైఫ్‌బోట్ల మీద కూడా కాల్పులు జరిపింది. 258 మందిలో 24 మంది మిగిలారు. కెనడా నర్సులు 14 మందీ పోయారు. 1943 మే 14న ఆస్ట్రేలియా ఓడ సెంటార్‌ను జపాన్ జలాంతర్గామి ముంచింది, 332 మందిలో 268 మంది చనిపోయారు, 12 మంది నర్సుల్లో బతికింది ఒక్కరే.

మాట నిలబెట్టుకున్న సందర్భమూ ఉంది. 1982లో దక్షిణ అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధానికి బ్రిటన్ ఉగాండా అనే ఓడను తీసుకుంది, అప్పటిదాకా అది బడిపిల్లలను విజ్ఞానయాత్రలకు తిప్పే ఓడ. పిల్లలను నేపుల్స్‌లో దించేశారు, జిబ్రాల్టర్‌లో కొద్ది రోజుల్లోనే హెలికాప్టర్ దిగే వేదిక, ఉప్పునీటిని మంచినీళ్లు చేసే యంత్రాలు బిగించేశారు. మనుషులు గాయపడకముందే ఓడ సిద్ధమైంది, టైగ్రిస్ మీద జరగనిది ఇదే. దీవులకు ఉత్తరాన సముద్రంలో సుమారు 20 నాటికల్ మైళ్ల వ్యాసంతో ఒక ప్రాంతాన్ని ఆసుపత్రి ఓడలకు వదిలేద్దామని బ్రిటన్, అర్జెంటీనా కాగితం మీద సంతకమైనా లేకుండా ఒప్పుకున్నాయి. ఉగాండాలో చికిత్స పొందిన అర్జెంటీనా సిపాయిలను వాళ్ల ఆసుపత్రి ఓడ బాహియా పరాయిసోకు అప్పగించారు.

అప్పుడే ఇంకో చిక్కు కూడా తేలింది. 1949 జెనీవా ఒప్పందం ప్రకారం ఆసుపత్రి ఓడ రహస్య సంకేత భాష వాడకూడదు. గూఢచర్యం చేయకుండా ఆ నియమం పెట్టారు, మంచిదే. కానీ క్షతగాత్రులను ఫలానా చోట ఎక్కించుకుంటామని అందరికీ వినపడేలా రేడియోలో చెబితే సొంత యుద్ధనౌకలు ఎక్కడున్నాయో శత్రువుకు తెలిసిపోతుంది, చెప్పకపోతే హెలికాప్టర్ రాదు. సముద్ర యుద్ధ నియమాల మీద నిపుణులు 1994లో తయారుచేసిన శాన్ రెమో మాన్యువల్ సంకేత పరికరాలను అనుమతించమని సూచించింది. 1949 ఒప్పందంలో ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది.