గట్టిగా లాగితే పాలు రావు: బ్రెస్ట్ పంప్‌ గురించి అపోహలు, వాస్తవాలు

ఈమధ్య ఒకమ్మాయి తన పంప్‌ని సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తొలి కాన్పు, బాబుకి ఐదు వారాలు. "మేడమ్, ఇరవై నిమిషాలు పెట్టుకున్నా సీసా అడుగు కూడా తడవట్లేదు. పంప్ పాడైందా, నాకే పాలు లేవా?" అంది. నా ముందే ఒకసారి పెట్టుకోమన్నాను. ఆన్ చేయగానే వేలు నేరుగా లాగే బలం పెంచే ప్లస్ బటన్ మీదికి పోయింది. టకటకా నొక్కి తొమ్మిదో నంబర్ దాకా తీసుకెళ్లింది. పళ్లు బిగబట్టింది, భుజాలు చెవుల దాకా లేచాయి. ఫ్లాంజ్‌లోకి, అంటే రొమ్ముకి ఆనించే గరాటులాంటి భాగంలోకి, తొంగి చూశాను. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా సగం లోపలికి వెళ్లిపోతోంది. తీశాక చూస్తే ఎర్రగా ఉంగరంలా గుర్తు పడింది.

పంప్ బాగానే ఉంది. పాలూ ఉన్నాయి. ఫ్లాంజ్ సైజు 24 మి.మీ., ఆ అమ్మాయి చనుమొన కొలిస్తే 15. నా దగ్గరున్న 17 సైజుది పెట్టి, నంబర్ నాలుగుకి దించాం. రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత చుక్కలు, ఆ తర్వాత సన్నటి ధారలు.

తల్లిపాల కౌన్సెలర్‌గా నేను రోజూ వినేవి ఇలాంటి ఫిర్యాదులే. పంప్ కొనేటప్పుడు అందరూ మోటార్ గురించి అడుగుతారు. తల్లి ఒంటి గురించి అడిగేవాళ్లు తక్కువ.

అపోహ: సక్షన్, అంటే పంప్ లాగే బలం, ఎంత ఎక్కువుంటే అన్ని ఎక్కువ పాలు వస్తాయి.

రొమ్ము స్ట్రా వేసి పీల్చుకునే సీసా కాదు. లోపల పాలు తయారయ్యే బుల్లి బుల్లి సంచులుంటాయి. వాటి చుట్టూ ఉన్న కండర కణాలు బిగుసుకుని పాలను నాళాల్లోకి నెడితేనే బయటికి వస్తాయి. ఆ పని చేయించేది ఆక్సిటోసిన్ అనే హార్మోన్. తెలుగులో దీనికి ఏనాటి నుంచో ఒక మాట ఉంది: చేపు. దూడ మూతి పెట్టి పొడిస్తే ఆవు చేపుతుంది, చేపకుండా పొదుగు పట్టుకుని ఎంత లాగినా చెంబు నిండదు. పోలికకు కోప్పడకండి. మనిషికైనా సంగతి అదే.

నొప్పి, భయం, టెన్షన్, "ఎన్ని వచ్చాయి, ఎన్ని వచ్చాయి" అని నిమిషానికోసారి సీసా వంక చూడటం, ఇవన్నీ చేపుని ఆపుతాయి. అందుకే నొప్పి పుట్టేలా సక్షన్ పెంచితే తరచుగా పాలు తగ్గుతాయి తప్ప పెరగవు. పంప్ డబ్బా మీద 300 ఎంఎంహెచ్‌జీ (సక్షన్‌ని కొలిచే లెక్క) అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. ఆస్పత్రుల్లో వాడే పేరున్న పంపుల గరిష్ఠ సక్షన్ కూడా దాదాపు 250 దగ్గరే ఉంటుంది. మీకు పనికొచ్చేది దానికంటే ఎంతో తక్కువే కావచ్చు. కనిష్ఠం నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ పెంచండి. కాస్త ఇబ్బంది అనిపించగానే ఒక మెట్టు దిగండి. మీ నంబర్ అదే. పక్కింటావిడ నంబర్‌తో మీకు పని లేదు.

సక్షన్ కంటే లయ ముఖ్యం. బిడ్డ రొమ్ము పట్టగానే ఎలా చప్పరిస్తుందో ఒకసారి గమనించండి. మొదట సెకనుకి రెండుసార్లు చొప్పున, తేలిగ్గా, గబగబా. పాలు చేపగానే వేగం తగ్గుతుంది, సెకనుకి ఒకసారి లోతుగా లాగి మింగుతుంది. మంచి ఎలక్ట్రిక్ పంపుల్లో ఈ రెండు పద్ధతులకీ వేర్వేరు మోడ్‌లుంటాయి. వేగాన్నీ సక్షన్‌నీ విడివిడిగా మార్చుకునే వీలుందా లేదా అన్నది కొనేముందు తప్పక చూడండి. ధార తగ్గి చుక్కల్లోకి రాగానే చాలామంది కట్టేస్తారు. అలా కాకుండా మళ్లీ మొదటి మోడ్‌కి వెళ్లి ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి. ఒక్క కూర్చోవడంలో రెండు మూడుసార్లు చేపు రావడం మామూలే.

చేత్తో రొమ్మును మృదువుగా నొక్కుతూ పంప్ చేస్తే ఇంకా మంచిది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల తల్లుల మీద స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ఒక అధ్యయనం 2009లో వచ్చింది. పంప్‌కి చేతి సాయం కూడా తోడైతే పాలు బాగా పెరిగాయని అందులో తేలింది. మృదువుగా అన్నాను, గుర్తుపెట్టుకోండి. చపాతీ పిండి పిసికినట్టు కాదు.

  

అపోహ: డబ్బాలో వచ్చిన ఫ్లాంజ్ అందరికీ సరిపోతుంది. రొమ్ము పెద్దదైతే పెద్ద సైజు కావాలి.

రొమ్ము సైజుకీ ఫ్లాంజ్ సైజుకీ సంబంధం లేదు. కొలవాల్సింది చనుమొన అడుగు భాగపు వెడల్పు, మిల్లీమీటర్లలో. చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని కలపకూడదు. పంప్ చేశాక మొన ఉబ్బి ఉంటుంది కాబట్టి ముందే కొలవాలి. రెండు వైపులా వేర్వేరుగా కొలవండి, తేడా ఉండటం వింతేమీ కాదు. వచ్చిన కొలతకి సున్నా నుంచి మూడు మి.మీ. దాకా కలిపితే వెతకాల్సిన సైజు దొరుకుతుంది. చాలా డబ్బాల్లో 24, 28 సైజులే వస్తాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి అంతకంటే చిన్నవి పడుతున్నాయి. అలాగని పంప్ మొత్తం మార్చనక్కర్లేదు. లోపల అమర్చుకునే సిలికాన్ ఇన్సర్ట్‌లు ఉంటాయి. కాబట్టి మీరు కొనే మోడల్‌కి వేరే సైజులు విడిగా దొరుకుతాయో లేదో చూసుకోండి. దొరకకపోతే ఆ పంప్‌ జోలికి వెళ్లకండి, ఎన్ని ఫీచర్లున్నా సరే.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలికే. మొన మాత్రమే గొట్టంలో ముందుకీ వెనక్కీ ఆడాలి, గోడలకి రాసుకోకూడదు. తీశాక మొన తెల్లబడినా, కోసుకుపోయినా, మంట పుట్టినా సైజు తప్పే. పంప్ చేశాక కూడా రొమ్ము బరువుగా, గట్టిగా మిగిలిపోతున్నా అనుమానించాల్సింది ముందు ఫ్లాంజ్‌నే. కొన్ని వారాలకి కొలత మారొచ్చు, మళ్లీ చూసుకోండి.

అపోహ: పంప్‌లో ఎన్ని వస్తే నాకు అన్నే పాలు ఉన్నట్టు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ అపోహే. దీనివల్ల బాగా పాలిస్తున్న తల్లులు కూడా "నాకు పాలు పడలేదు" అనుకుని మానేస్తున్నారు. పంప్ బిడ్డ కాదు. బిడ్డ నోటికి చేపినట్టు ప్లాస్టిక్‌కి చేపాలని లేదు. పూర్తిగా తల్లిపాల మీదే ఉన్న బిడ్డకి ఒకసారి పాలిచ్చాక మళ్లీ ఇచ్చేలోపు పంప్ చేస్తే రెండు వైపులా కలిపి 15 నుంచి 60 మి.లీ. రావడం మామూలు. ఆన్‌లైన్‌లో నిండు సీసాల వరస ఫొటోలు పెట్టేవాళ్లలో చాలామంది బిడ్డకి ఇచ్చే ఒక పూట పాలు మొత్తం పిండినవాళ్లో, అవసరానికి మించి పాలు పడేవాళ్లో అయ్యుంటారు. మొదటి నెల దాటాక ఆరు నెలల దాకా బిడ్డలు రోజంతా కలిపి తాగేది సగటున 750 నుంచి 800 మి.లీ. బిడ్డకీ బిడ్డకీ ఇందులో బోలెడు తేడా ఉంటుంది.

పాలు చాలుతున్నాయో లేదో చెప్పేది బిడ్డ బరువు, తడిసే డైపర్లు. ఐదో రోజు దాటాక రోజుకి కనీసం ఆరు బాగా తడవాలి. కుడి ఎడమల్లో ఒకవైపు తక్కువ రావడం, పొద్దున వచ్చినన్ని సాయంత్రం రాకపోవడం లోపాలు కావు.

అపోహ: కాన్పుకి ముందే కొని ఆస్పత్రి బ్యాగులో పెట్టుకోవాలి.

చాలామందికి అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు, అదీ చెంచాల లెక్కన. అవి చిక్కగా ఉండి పంప్ భాగాలకే అంటుకుపోతాయి. చేత్తో పిండి చెంచాలోకి పట్టడం ఆ రోజుల్లో మెరుగైన పద్ధతి. అది నేర్పమని ఆస్పత్రిలో నర్సుని అడగండి. అయితే బిడ్డ నెలలు నిండక పుట్టి ఎన్ఐసీయూలో, అంటే నవజాత శిశువుల ఐసీయూలో, ఉంటే కథ వేరు. మొదటి కొన్ని గంటల్లోనే మొదలుపెట్టి, రాత్రి కూడా వదలకుండా రోజుకి ఎనిమిదిసార్లకి తగ్గకుండా పిండాలి. ఆ పని చిన్న పంప్‌తో అవ్వదు. రెండు వైపులా ఒకేసారి లాగే, ఎక్కువ మంది వాడటానికి తయారుచేసిన పెద్ద ఎలక్ట్రిక్ పంప్ కావాలి. ఆస్పత్రిలో ఉంటే వాడుకోండి, లేదా అద్దెకి తీసుకోండి.

అపోహ: బ్రాలో పెట్టుకునే వేరబుల్ పంప్ ఒక్కటుంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఏ పంప్ అన్నది తర్వాతి ప్రశ్న. రోజుకి ఎన్నిసార్లు పిండాలన్నది ముందు తేల్చుకోండి. ఎప్పుడైనా రెండు గంటలు బయటికి వెళ్లడానికైతే చేత్తో నొక్కే మాన్యువల్ పంప్ చాలు. చప్పుడుండదు, కడగాల్సిన భాగాలూ తక్కువ. రోజూ చాలాసార్లు వాడితే మణికట్టు మాత్రం నొప్పెడుతుంది. ఉద్యోగానికి వెళ్తూ రోజుకి రెండు మూడుసార్లు పిండాలంటే డబుల్ ఎలక్ట్రిక్. రెండు వైపులా ఒకేసారి పిండుతుంది కాబట్టి, ఒక్కోవైపూ విడిగా చేసేదాంట్లో ఇంచుమించు సగం సమయమే పడుతుంది. ఆఫీసులో దొరికే ఇరవై నిమిషాల్లో అదే పెద్ద తేడా.

వేరబుల్స్ సౌకర్యమే, కాదనను. కానీ లోపల మొన సరిగ్గా కూర్చుందో లేదో కనబడదు. వంగితే ఒలికిపోతాయి. కొందరికి వీటిలో పాలు తక్కువ వస్తాయి. పాలు ఇంకా నిలదొక్కుకోని మొదటి వారాల్లో దీన్నే నమ్ముకోవద్దని నా సలహా. రెండో పంప్‌గా బాగుంటుంది. ఇక సిలికాన్ బుడ్డిలాంటివి ఉంటాయి, బిడ్డ ఒకవైపు తాగుతుంటే రెండోవైపు అతికించుకునేవి. అవి కారిపోయే పాలను పట్టుకుంటాయంతే. బిడ్డ చప్పరించే లయ వాటిలో ఉండదు కాబట్టి పంప్ బదులు పనికిరావు.

అపోహ: "హాస్పిటల్ గ్రేడ్" అని రాసి ఉంటే ఎంతమందైనా వాడొచ్చు. అక్క వాడిన పంప్ మరిగించి వాడుకోవచ్చు.

హాస్పిటల్ గ్రేడ్ అనే మాటకి ఒక ప్రమాణమంటూ లేదు. అమెరికాలో మందులు, వైద్య పరికరాలపై నియంత్రణ ఉండే ఎఫ్‌డీఏ కూడా ఆ మాటని గుర్తించదు. అడగాల్సింది రెండు. మొదటిది, ఇది ఒకరే వాడాల్సిందా, ఎక్కువమంది వాడేదా? రెండోది, క్లోజ్డ్ సిస్టమా, ఓపెన్ సిస్టమా? క్లోజ్డ్‌లో పాలకీ మోటార్‌కీ మధ్య అడ్డుగా ఒక పొర ఉంటుంది. ఓపెన్‌లో పాల తుంపరలు ట్యూబ్ గుండా మోటార్ దాకా పోయి అక్కడే బూజు పట్టొచ్చు. ఫ్లాంజ్‌ని మరిగించగలరు గానీ మోటార్‌ని మరిగించలేరు కదా. ఒకరి కోసం తయారైన పంప్‌ని ఇంకొకరు వాడొద్దని ఎఫ్‌డీఏ చెబుతుంది. అక్క ప్రేమగా ఇచ్చినా సరే.

అపోహ: సబ్బు నీళ్లలో నానబెట్టేస్తే శుభ్రమైపోతుంది.

2016లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో నెలలు నిండక పుట్టిన ఒక శిశువుకి క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా వల్ల తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆరా తీస్తే అదే బ్యాక్టీరియా పిండిన పాలల్లో, పంప్‌లో, ఇంట్లో వంటగది సింక్ గొట్టంలో దొరికింది. పంప్ భాగాల్ని రుద్దకుండా గంటల తరబడి సబ్బు నీళ్లలో నానబెట్టి, నీళ్లతో కడిగేసి వాడుతున్నారని తేలింది. మరుసటి ఏడాది పంప్ శుభ్రత మీద అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ప్రత్యేకంగా సూచనలిచ్చింది.

పద్ధతి ఇది: పాలు తగిలిన ప్రతి భాగాన్నీ విప్పండి. సింక్‌లో పడేయకుండా దానికంటూ విడిగా ఉంచిన గిన్నెలో, వేడి నీళ్లు, సబ్బుతో, దానికే కేటాయించిన బ్రష్‌తో రుద్దండి. మంచి నీళ్లతో కడిగి గాలికి ఆరనివ్వండి, గుడ్డతో తుడవొద్దు. బిడ్డకి రెండు నెలల్లోపు ఉంటే, లేదా నెలలు నిండక పుట్టి ఉంటే, రోజుకొకసారి మరిగించడమో ఆవిరి పట్టడమో కూడా చేయాలి.

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గది వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. ఎండాకాలం గది వేడి 25 దాటుతుంది కాబట్టి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. వేడి చేయడానికి మైక్రోవేవ్ వద్దు.

అపోహ: ఎంత ఎక్కువ పిండితే అంత మంచిది.

బిడ్డ చక్కగా తాగుతుంటే మొదటి వారాల్లో ఫ్రీజర్ నింపే పని పెట్టుకోకండి. ఖాళీ చేసిన కొద్దీ ఒళ్లు ఇంకా తయారుచేస్తుంది. కొన్నాళ్లకి ఒక పూట పిండకపోతే రొమ్ము రాయిలా గట్టిపడి, సలుపు, చివరికి జ్వరం. 2022లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ మాస్టైటిస్ (రొమ్ము వాపు) మీద ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ బిడ్డ అవసరానికి మించి పంప్ చేయొద్దనే ఉంది. గట్టిపడితే వేళ్లతో గట్టిగా నలపొద్దనీ చల్లటి కాపడం పెట్టుకోమనీ కూడా అందులో ఉంది.

అపోహ: పాలు ఉన్నట్టుండి తగ్గాయంటే మోటార్ పోయినట్టే.

మొదట చెప్పిన అమ్మాయి రెండు నెలల తర్వాత ఫోన్ చేసింది. మళ్లీ తగ్గాయట, కొత్త పంప్ ఆర్డర్ పెట్టబోతోంది. సీసా మీద ఉండే మెత్తటి వాల్వ్‌ని, బాతు ముక్కులా ఉంటుంది, ఫొటో తీసి పంపమన్నాను. వెలుగుకి పెట్టి తీసింది. మూసుకుని ఉండాల్సిన చీలిక నోరు తెరుచుకుని ఉంది. తరచూ పంప్ చేసేవాళ్లకి అది ఒకటి రెండు నెలలకే సాగిపోతుంది. అక్కడి నుంచి గాలి పోతుంటే మోటార్ మాత్రం ఏం చేస్తుంది? కొత్త వాల్వ్‌ల జత వేసుకుంది. నంబర్ ఇప్పటికీ నాలుగేనట.