వడ్డాణం కింద ఏముంది?

"నాగకన్యది చల్లని రక్తమా, వేడి రక్తమా?" తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. నవ్వేసి ఊరుకోదగ్గది కాదు. మహాబలిపురంలో పల్లవుల శిల్పి పెద్ద బండమీద, గంగ దిగివచ్చే నెర్రెలో నాగరాజునూ నాగినినీ చెక్కాడు. నడుము పైన మనుషులు, కింద పాములు. ఉలూచిని పెళ్లాడిన అర్జునుడికీ ఈ సందేహం వచ్చినట్టు భారతం చెప్పదు. బొమ్మలు వేసేవాళ్లది ఇంకా తేలిక పని. మనిషీ పామూ కలిసేచోట ఒక వడ్డాణం చుట్టేస్తారు, అతుకు కనపడదు. అసలు జీవశాస్త్రమంతా ఆ వడ్డాణం కిందే ఉంది.

ఎముకల సంగతి త్వరగా తేల్చేద్దాం, అది అంత కష్టం కాదు. మనకు 33 వెన్నుపూసలు, పాములకు 200 నుంచి 400 దాకా. పిండదశలో వెన్నుపూసల ముక్కలు తెగే గడియారం పాముల్లో వేగంగా కొట్టుకుంటుంది, అందుకే అన్ని ముక్కలు. మన వెన్ను ముందుకీ వెనక్కీ బాగా వంగుతుంది, పాముది పక్కలకు. కాబట్టి నాగకన్య మెలికలు పక్కలకే తిరగాలి. తోకను తిమింగలంలా కిందికీ పైకీ ఊపితే పొట్ట పొలుసులకు నేల అందదు. ఇక చెవులు మనిషివే గనక నాగస్వరాన్ని మనలా వినగలిగిన నాగు ఈమె ఒక్కతే. మామూలు పాముకు బయటి చెవులు లేవు. నేల అదురును దవడ ఎముకల ద్వారా పసిగడుతుంది, పాములవాడి నాగస్వరం బుర్ర ఊగే తీరును కళ్లతో చూసి తనూ ఊగుతుంది. నాగులచవితి నాడు పుట్టలో పోసే పాలు తాగి అరిగించుకోగలిగేది కూడా ఈమే. అసలు పాముకు ఆ పాలు తిండి కాదు, పుట్ట తడిసి ఊపిరాడని ఇబ్బంది మాత్రం మిగులుతుంది.

ఇప్పుడు నెత్తురు. 'శీతల రక్త జంతువు' అన్న మాటే పాఠ్యపుస్తకాల్లో పిల్లల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఎండ కాచుకున్న పాము నెత్తురు 30 డిగ్రీలు దాటి వెచ్చగానే ఉంటుంది. తేడా ఎంత వేడి అన్నది కాదు, ఆ వేడి ఎక్కడిది అన్నది. మనం తిండిని మండించి వేడి పుట్టించుకుంటాం, పాము ఎండను అరువు తెచ్చుకుంటుంది. ఒకే బరువున్న పాము, క్షీరదం ఒకే వేడిలో తీరిగ్గా పడుకుని ఉంటే పాము శక్తి ఖర్చు క్షీరదం ఖర్చులో పదో వంతు ఉంటుంది, అంతే.

మెదడు ఈ పొదుపుకు ఒప్పుకోదు. ఒంటి బరువులో 2 శాతమే అయినా విశ్రాంతి ఖర్చులో 20 శాతం దానిదే. 35 డిగ్రీల కిందికి దిగితే తడబడుతుంది, 30 దగ్గర స్పృహ ఉండదు. కాబట్టి పైభాగం 37లో ఉండి తీరాలి. అలాగని కిందిభాగాన్ని కూడా 37లో ఉంచితే?

కొలతలు వేద్దాం. 55 కిలోల మనిషికి కాళ్లు తీసేస్తే 37 కిలోలు మిగులుతుంది. తుంటి దగ్గర అడ్డుకొలత 28 సెంటీమీటర్లు, అక్కణ్నుంచి సన్నబడుతూ 4 మీటర్ల తోక. శంకువు లెక్క కడితే 80 కిలోలు, పెద్ద ఆడ అనకొండ అంత. దాని చర్మం వైశాల్యం 1.75 చదరపు మీటర్లు. ఒక పూర్తి మనిషి ఒంటిమీద ఉండే చర్మమంత! 27 డిగ్రీల గాలిలో, వెంట్రుకల్లేని, కొవ్వు లేని ఆ చర్మం నుంచి 100 వాట్ల దాకా బయటికి పోతుంది. పైభాగం విశ్రాంతిలో పుట్టించేదే 50 వాట్లు. ఆ 100 వాట్ల లోటు పూడ్చాలంటే రోజూ మరో 2,000 కిలోకేలరీలు కావాలి, అంటే 600 గ్రాముల బియ్యం వండుకుని అదనంగా తినాలి. రెండో శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, సగం మనిషి సగం గుర్రమైన సెంటార్లను కొట్టిపారేస్తూ వేసిన ప్రశ్నల్లో ఇలాంటిదే ఒకటుంది: ఈ జీవి గడ్డి తింటుందా, వండిన తిండి తింటుందా? నాగకన్యకు రెండో నోరు అక్కర్లేదు, కానీ మొదటి నోటికి తీరిక ఉండదు.

దారి ఒక్కటే. నడుము దగ్గర సరిహద్దు గీసి, పైన 37 డిగ్రీల దేశం, కింద గాలి వేడిలోనే బతికే దేశం నడపాలి. అయితే నెత్తురు ఒకటే. అది కిందికి వెళ్లాలి, ప్రాణవాయువు ఇచ్చి తిరిగి రావాలి, వేడిని మాత్రం సరిహద్దు దగ్గర వదిలేసి వెళ్లాలి. ఇది కుదురుతుందా అంటే, కుదురుతుంది. ప్రకృతి చాలాచోట్ల చేసిన పనే.

తిరుమల మెట్లదారి ఊహించుకోండి. పైనుంచి దిగేవాళ్ల చేతిలో 10 లడ్డూలు, కింది నుంచి ఎక్కేవాళ్ల చేయి ఖాళీ. నియమం ఒక్కటే: ఎవరైనా ఇద్దరు కలిస్తే ఇద్దరి లడ్డూలూ కలిపి సమానంగా పంచుకోవాలి. ముందుగా ఇద్దరూ పక్కపక్కనే ఒకే దిక్కుకు నడుస్తున్నారనుకుందాం. ఒకరి దగ్గర 10, ఇంకొకరి దగ్గర 0. పంచుకుంటే 5, 5. ఆ తర్వాత ఎంత దూరం నడిచినా ఏమీ మారదు. సగం లడ్డూలు పరాయివాళ్ల పాలు.

ఇప్పుడు ఎదురెదురుగా నడిపించండి. దిగేవాడికి దారిలో 9 మంది ఎదురవుతారు, ఎక్కేవాడికీ 9 మంది. కొంతసేపటికి వరస కుదురుకున్నాక ఇలా ఉంటుంది. పైన, 10 లడ్డూలతో బయల్దేరినవాడికి ఎదురయ్యేది దాదాపు పైకి చేరుకున్నవాడు, వాడి దగ్గర ఇప్పటికే 8 ఉన్నాయి. పంచుకుంటే చెరి 9. దిగేవాడు ఒక్కటే పోగొట్టుకున్నాడు. తర్వాతి మెట్టు దగ్గర 9, 7 కలిసి చెరి 8. ఆ తర్వాత 8, 6 కలిసి చెరి 7. ఇలా దిగి దిగి చివర్లో 2 లడ్డూలున్నవాడు అప్పుడే ఎక్కడం మొదలెట్టిన ఖాళీ చేతులవాడిని కలుస్తాడు, చెరొకటి. దిగినవాడు 1 లడ్డూతో అలిపిరి చేరాడు, ఎక్కినవాడు 9 లడ్డూలతో కొండెక్కాడు. పదింట తొమ్మిది కొండమీదే ఉండిపోయాయి! ఎవరూ పిసినారితనం చూపలేదు, ప్రతిచోటా సమానంగానే పంచుకున్నారు. కిటుకంతా దిక్కులోనే ఉంది. ఎదురుపడేవాళ్ల మధ్య తేడా దారి పొడుగునా రెండే లడ్డూలు, కానీ ఎప్పుడూ సున్నా కాదు. 19 మంది ఎదురైతే 20లో 19 వంతులు కొండమీదే.

లడ్డూ అంటే ఒక డిగ్రీ అనుకోండి. దిగేది ధమని, ఎక్కేది సిర. 37 డిగ్రీలతో నడుము దాటిన నెత్తురు 28కి చల్లబడి తోకలోకి వెళ్తుంది, తోక నుంచి 27తో వచ్చింది 36కి వేడెక్కి గుండెకు చేరుతుంది. దీన్నే ఎదురు ప్రవాహం అంటారు. ఇంటర్ జంతుశాస్త్రంలో మూత్రపిండంలోని హెన్లే శిక్యం అనే గొట్టపు వంపు దగ్గర 'ప్రతిప్రవాహ యాంత్రికం' అని బట్టీపట్టేది ఇదే. అక్కడ వేడికి బదులు ఉప్పు. 8 మార్కుల జవాబు రాసినవాళ్లలో పదిమందిని లడ్డూ లెక్క అడిగి చూడండి, చదువు ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.

తిమింగలాల, డాల్ఫిన్ల రెక్కల్లో ప్రతి ధమని చుట్టూ సిరల గుత్తి తొడుగులా ఉంటుంది. అది వేడిని ఆదా చేసే ఏర్పాటని 1955లో స్కొలాండర్, షెవిల్ అనే శాస్త్రవేత్తలు రాశారు. గ్రేట్ నికోబార్ ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేలు తెడ్లలో, ట్యూనా చేప కండల్లో, మంచుమీద నిలబడే పక్షుల కాళ్లలో ఇదే అల్లిక. మగవాళ్ల వృషణాలు ఒంటికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండటానికి తోడ్పడేదీ ఇలాంటి సిరల జాలమే. సగం చల్లని ఒళ్లు మనకేమీ కొత్త కాదు.

నాగకన్యకు ఎంత అల్లిక కావాలి? తోక తీరిగ్గా ఉన్నప్పుడు నిమిషానికి అర లీటరు నెత్తురు చాలనుకుందాం. ఒకే లావుపాటి ధమని పక్కన ఒకే లావుపాటి సిర పెడితే లాభం లేదు, మధ్యలో పారే నెత్తురుకు గోడ తగలనే తగలదు. ధమనిని 400 పాయలుగా చీల్చాలి, ఒక్కోటి 1 మిల్లీమీటరు అడ్డుకొలత, 30 సెంటీమీటర్ల పొడుగు, ప్రతిదాని పక్కనా ఒక సిర. అప్పుడు సుమారు 9 కలయికలంత పంపకం జరుగుతుంది. మొత్తం కట్ట లావు మణికట్టంత, నడుములో సులువుగా ఇముడుతుంది. లీకయ్యేది 30 వాట్లు. 100తో పోలిస్తే రోజుకు 400 గ్రాముల బియ్యం ఆదా.

ఇంకా సన్నని పాయలు పెడితే ఇంకా మేలు కదా అనిపిస్తుంది. అక్కడే బోల్తా పడతాం. గొట్టం అడ్డుకొలత సగానికి తగ్గితే నెత్తురుకు తగిలే అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. 1 మిల్లీమీటరు పాయల్లో కోల్పోయే పీడనం సుమారు 7 మిల్లీమీటర్ల పాదరసం. అర మిల్లీమీటరు చేస్తే 110. గుండె సగటున ఇచ్చేదే 93! తోకకు చుక్క నెత్తురు వెళ్లదు, కొసనుంచి కుళ్లడం మొదలవుతుంది. పాయల గోడలు మరీ పలచనైనా చిక్కే. వేడితోపాటు ప్రాణవాయువు కూడా ధమని నుంచి సిరలోకి అడ్డదారిన జారిపోతుంది. అదృష్టవశాత్తూ కణజాలంలో వేడి ప్రాణవాయువుకన్నా పదుల రెట్లు వేగంగా పాకుతుంది. తగినంత మందం గోడ ఉంటే వేడి దాటుతుంది, వాయువు ఆగుతుంది.

ఈ కట్టను ఎక్కడ పెట్టాలి? సరిగ్గా వడ్డాణం కింద కాదు. పేగులు, మూత్రపిండాలు, గర్భాశయం 37లోనే ఉండాలి, అవి నడుముకు దిగువన ఇంకో జానెడు దాకా వస్తాయి. కట్ట మొదలయ్యేది ఆ తర్వాతే.

చల్లని తోకకు మూల్యం ఉంది. 10 డిగ్రీలు తగ్గితే కండ సత్తువ ఇంచుమించు సగం. నరాల్లో సంకేతం కూడా మందగిస్తుంది, సెకనుకు 50 మీటర్లది 35కి దిగుతుంది. తోక తొక్కిన తాచులా లేచింది అంటాం గానీ, ఈమె తోక కొస తొక్కితే ఆ కబురు మెదడుకు చేరడానికే సెకనులో పదో వంతు దాటుతుంది. చల్లని నెత్తురు ఆలస్యంగా గడ్డకడుతుంది కాబట్టి తోకమీది గాయం ఎక్కువసేపు కారుతుంది.

అందుకే పక్కదారి ఒకటి తప్పనిసరి. కట్టను తప్పించుకుని నేరుగా తోకలోకి వెళ్లే పెద్ద ధమని, పొలుసుల కిందుగా తిరిగొచ్చే పైపై సిరలు, రెండింటికీ కండర కవాటాలు. పరుగు తీసేటప్పుడు తెరవాలి. తోక కండలే అప్పుడు వేడి పుట్టిస్తాయి కాబట్టి నష్టం లేదు. ఈ ఏర్పాటు మన చేతుల్లోనూ ఉంది: చలిలో నెత్తురు లోపలి సిరల గుండా, ధమనిని ఆనుకుని తిరిగొస్తుంది, ఎండాకాలంలో చర్మం కింది సిరల గుండా వస్తుంది. మే నెలలో ముంజేతి సిరలు ఉబ్బి కనపడేది అందుకే. రామగుండం 45 డిగ్రీల ఎండలో మాత్రం నాగకన్య పక్కదారి మూసేయాలి. అప్పుడు లడ్డూలు తిరగబడతాయి: తోకలో కాగిన నెత్తురు తన వేడిని కిందికి దిగే నెత్తురుకే అప్పజెప్పి, ఒంటివేడికి దగ్గరగా చల్లబడి గుండెకు చేరుతుంది.

అసలు ప్రమాదం చలిలో ఉంది. లంబసింగిలో జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీలు అనుకుందాం. తేడా 32 డిగ్రీలు, లీకు మళ్లీ 100 వాట్లు. ప్రవాహం సగమయ్యేదాకా ధమనుల్ని బిగిస్తే పంచుకునే సమయం రెట్టింపవుతుంది, లీకు నాలుగో వంతుకు పడిపోతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ సమయంలో ఏ కుక్కో అరిచి ఆమె ఉలిక్కిపడి పక్కదారి తెరిచిందా, 80 కిలోల చల్లని తోకలోని నెత్తురు ఒక్కసారిగా గుండెమీద పడుతుంది. 28 డిగ్రీల కిందికి దిగిన గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుంటుంది, పంపు చేయదు. చలికి కొయ్యబారిన మనుషుల్ని కాపాడేటప్పుడు కాళ్లూ చేతులూ రుద్దవద్దని వైద్యులు చెప్పేది ఈ భయంతోనే.

వరస తప్పకూడదు. ముందు కవాటాలు మూసే ఉంచి, తోకను ఎండలో బారుగా చాపాలి. నీడ వైశాల్యం 0.56 చదరపు మీటర్లు, పొద్దుటి ఎండ చదరపు మీటరుకు 500 వాట్లు, పీల్చుకునేది 80 శాతం: మొత్తం 220 వాట్లు, పైసా ఖర్చు లేకుండా. ముదురు రంగు పొలుసులైతే ఇంకాస్త. 80 కిలోల తోక 10 డిగ్రీలు వేడెక్కడానికి మూడున్నర గంటలు. కవాటం కొద్దిగా తెరిచి, గుండెకు వచ్చే నెత్తురు 35 తగ్గకుండా చూసుకుంటూ మిగతాది తెరవాలి. గర్భిణి అయితే ఎండ దిగాక తోకను తన చుట్టూ చుట్టుకుని, బయటికి కనపడే చర్మాన్ని సగానికి తగ్గించుకోవాలి. గుడ్ల చుట్టూ చుట్టుకున్న కొండచిలువ అలాగే చేస్తుంది, పైగా కండల్ని వణికించి గాలికన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుందని 1966లో కొలిచి చూపారు.

లంబసింగిలో మంచు విడి, ఎండ బలపడేసరికి ఎనిమిది. కాబట్టి జనవరిలో పదకొండున్నర లోపు అక్కడ నాగకన్య ఎవరికీ కనపడదు.