కొలిమి ఒకటి, షెడ్లు వంద

‘ఫ్యాక్టరీలు ఊరి బయటికి పోతే పొగ తగ్గుతుంది, లారీలు తగ్గుతాయి, ఇందులో ఎవరికి నష్టం?’ అని ఒక పాఠకుడు అడిగారు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపలా, అంచునా ఉన్న పారిశ్రామిక వాడల్లో 9 వేల ఎకరాలకు పైగా భూమిని ఇళ్లకూ వ్యాపారాలకూ మార్చుకోవచ్చని 2025లో తెలంగాణ ప్రభుత్వం విధానం తెచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న తరచూ వినబడుతోంది. రసాయన పరిశ్రమల విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల గతి తెలిసినవాళ్లెవరికీ ఉండదు. హైదరాబాద్‌లోనే ఉన్న పాత పారిశ్రామిక వాడ బాలానగర్‌లోని లేతు షెడ్లనూ అదే గాటన కడితేనే చిక్కు.

బాలానగర్ చరిత్ర ఇక్కడ చెప్పను, అది అందరూ రాసేదే. ఒక్క డై సంగతి చూద్దాం. రేకును నొక్కి ఫ్యాను రెక్కలాంటి భాగం తీసే అచ్చు అది. డీ-టూ అనే స్టీలు దిమ్మను ఒక షెడ్డులో కోస్తారు. పక్క షెడ్డులో మిల్లింగ్ చేసి, అంటే తిరిగే కట్టరుతో చెక్కి, చివరి సైజుకు మిల్లీమీటరులో రెండు మూడు పదో వంతులు ఎక్కువ ఉంచుతారు. తర్వాత హార్డెనింగ్‌కు, అంటే స్టీలును గట్టిపరచడానికి పంపుతారు. అక్కడ 1020 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చి, చల్లార్చి, రెండుసార్లు టెంపర్ చేస్తారు, అంటే పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. రాక్‌వెల్ కొలతలో 60 దగ్గర గట్టిదనం వస్తుంది. ఈ కాలడంలో దిమ్మ సైజు కాస్త మారుతుంది, కాస్త వంకర కూడా పోవచ్చు. ముందు ఎక్కువ ఉంచింది అందుకే. ఆ తర్వాత గ్రైండింగ్ షెడ్డు, సన్నని తీగతో కరెంటు మెరుపుల సాయంతో కోసే వైర్‌కట్ షెడ్డు. డై యజమానికి ఇన్ని యంత్రాలు సొంతంగా ఉండవు, ఉండనక్కర్లేదు.

వీటన్నిటిలో నాకు మహా ఇష్టమైనది హార్డెనింగ్ చేసే కొలిమి, అదే ఫర్నేసు. (అది ఆగ్నేయ మూలనే ఉండాలని పట్టుబట్టే వాస్తు పండితులు ఉంటారు. ఏ మూలన పెట్టినా స్టీలు దాని ఉష్ణోగ్రత దగ్గరే మాట వింటుంది.) నిండుగా ఉన్నా సగం ఖాళీగా ఉన్నా ఫర్నేసు ఒకసారి వేడెక్కడానికి అయ్యే కరెంటూ గంటలూ దాదాపు ఒకటే. ఉదాహరణకు ఒక విడతకు 10 వేల రూపాయలు ఖర్చనుకోండి. 200 కిలోలు పడితే కిలోకు 50 రూపాయలు. 50 కిలోలే పడితే 200 రూపాయలు. పల్లెలో పిండిమర లెక్కే ఇది: పది గడపల బియ్యం వస్తేనే మర ఆడుతుంది.

ఇక గణితం. ఒక్కో షెడ్డు రోజుకు సగటున 10 కిలోల పని పంపుతుందనుకుందాం. అది నిలకడగా రాదు, ఒకరోజు సున్నా, ఒకరోజు పాతిక. ఆ ఒడిదుడుకు కూడా 10 కిలోలే అనుకోండి. అలాంటి వంద షెడ్లు కలిస్తే సగటు వెయ్యి కిలోలు అవుతుంది, ఒడిదుడుకు మాత్రం వంద కిలోలే. సగటు సంఖ్యతో పాటు పెరుగుతుంది, ఒడిదుడుకు దాని వర్గమూలంతో పెరుగుతుంది. ఒంటరి షెడ్డుకు నూరు శాతం ఉన్న అనిశ్చితి వందమంది కలిసేసరికి పది శాతానికి దిగింది. అందుకే ఫర్నేసు యజమాని ధైర్యంగా అప్పు తెచ్చి యంత్రం పెట్టగలడు. సంభావ్యత పాఠంలో నాణేలూ పాచికలూ ఎగరేయించే బదులు పిల్లల్ని ఇలాంటి షెడ్డుకు తీసుకెళ్తే బాగుండేది.

షెడ్లు పాతికకు తగ్గితే? సగటు 250, ఒడిదుడుకు 50, అంటే ఇరవై శాతం. ఇదేమంత ప్రమాదంగా కనబడదు. కానీ అన్ని స్టీళ్లనూ ఒకే విడతలో కాల్చలేం. డీ-టూకు 1020 డిగ్రీలు కావాలి, హైస్పీడ్ స్టీలుకు 1200 దరిదాపులు, ఈఎన్-31కి 830 ప్రాంతం, దానికి నూనెలో చల్లార్పు. అంటే ఆ 250 కిలోలు మళ్లీ ముక్కలవుతాయి. హైస్పీడ్ స్టీలు వాటా రోజుకు 10 కిలోలే అయితే 200 కిలోల లోడు నిండడానికి 20 రోజులు పడుతుంది. అంతకాలం ఎవరాగుతారు? ఆ పని ఉన్న షెడ్లవాళ్లు దాన్ని బెంగళూరుకో పుణెకో పంపుకుంటారు, లేదా షెడ్డు మూసేస్తారు. వాళ్లు పంపే డీ-టూ కూడా వాళ్లతోనే పోతుంది. మిగిలినవాళ్లకు ధర పెరుగుతుంది. ముందు అరుదైన పని మాయమవుతుంది, దాని వెనకాలే మామూలు పని.

ఈ వర్గమూలం లెక్కకు ఒక షరతుంది: షెడ్ల పనులు ఒకదానికొకటి సంబంధం లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. అందరికీ ఆర్డర్లు ఒకే పెద్ద కంపెనీ నుంచి వస్తుంటే అది తుమ్మితే అందరికీ జలుబే, అప్పుడు వందమంది ఉన్నా ఒక్కరితో సమానం. నగరం బలం అక్కడే ఉంది. మందుల యంత్రాలు, ఫ్యాన్లు, రక్షణ శాఖ పనులు ఒకే నెలలో పడిపోవడం అరుదు. బాలానగర్‌లోనే 1970లో మొదలైన ఎంటార్ అనే ఇంజనీరింగ్ కంపెనీ తర్వాత ఇస్రో వికాస్ ఇంజిన్లకూ అణు రియాక్టర్లకూ భాగాలు చేసింది. ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ తర్వాత మూలపడింది, కానీ అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లోనే డాక్టర్ రెడ్డీస్ మందుల కంపెనీ పెట్టారు. పెద్ద ఫ్యాక్టరీ పోయినా చేతిపని ఊళ్లోనే ఉంటే ఇంకోచోట మొలుస్తుంది.

చేతిపని ఎలా పాకుతుందో చూడాలంటే పగిలిన డై చాలు. హార్డెనింగ్ ఆయన దాన్ని వెలుగులో తిప్పి, ‘ఈ మూల మరీ చురుగ్గా ఉంది, చల్లారేటప్పుడు ఒత్తిడంతా ఇక్కడే పడింది, కొంచెం రేడియస్ ఇచ్చి, గుండ్రం చేసి తే’ అంటాడు. డై చేసినాయన నడిచే వచ్చాడు కాబట్టి ఆ మాట విన్నాడు. ఫర్నేసు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటే పగిలిన ముక్క ట్రాన్స్‌పోర్టు ఆటోలో తిరిగొస్తుంది, ఈ మాట రాదు.

భూమి ధర పెరిగినప్పుడు అందరికంటే ముందు కదిలేది సాధారణంగా ఈ ఫర్నేసే. జాగా ఎక్కువ, కరెంటు ఎక్కువ, లాభం తక్కువ, పైగా అద్దె షెడ్డు. ఖాళీ చేసేటప్పుడు తన నష్టం అతను లెక్కేసుకుంటాడు, మిగిలిన వందమంది నష్టం అతని పద్దులోకి రాదు. చదరపు గజం రేటు కట్టినవాళ్ల పద్దులోకీ రాదు. షెడ్లను బయటికి పంపాలనే అనుకుంటే ఫర్నేసునూ, లోహపు పూత వేసే ప్లేటింగ్‌నూ, గ్రైండింగ్‌నూ ముందు అక్కడ నిలబెట్టి, నిండే దాకా ఖాళీ విడతల ఖర్చు ఎవరో ఒకరు భరించాలి.