మాస్టారి ఎడమ చెయ్యి

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, "తాతయ్యా, మా లెక్కల మాస్టారికి అన్నీ వచ్చు కదా, మరి స్క్రీన్ షేర్ చెయ్యడం ఎందుకు రాదు? క్లాసంతా నవ్వారు" అని. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది, అందుకే ఈ ఉత్తరం.

నాకు పదేళ్లప్పుడు చెట్టు మీంచి పడి కుడి చెయ్యి విరిగింది. కట్టు విప్పేదాకా ఎడమ చేత్తోనే రాయాలి. 'అ' ఎలా ఉంటుందో నాకు తెలుసు, కానీ చెయ్యి మాట వినదే! అక్షరం కుదరడం మీదే ధ్యాసంతా పోయి, అసలు ఏం రాయాలనుకున్నానో మర్చిపోయేవాణ్ణి. కాగితం జారిపోతుంటే పక్కనున్న స్నేహితుడు పట్టుకునేవాడు. వాడు ఒక్కసారీ నవ్వలేదు, ఇన్నేళ్లయినా అది గుర్తుంది.

1/2కి 1/3 కలపమంటే మీలో చాలామంది తప్పుగా 2/5 అని రాస్తారని, మీరు రాయకముందే మాస్టారికి తెలుసు. అది ఆయన కుడి చెయ్యి, ఏళ్ల తరబడి పాఠం చెప్పి తెచ్చుకున్నది. కంప్యూటరేమో ఎడమ చెయ్యి. ఒక్కరోజు ట్రైనింగ్‌లో గబగబా చూపించిన బటన్లు వారం తిరిగేసరికి గుర్తుండవు. రేపటి పాఠానికి కావలసిన ఒక్క పనిని పక్క క్లాసు టీచర్ని అడిగి, ఇంట్లో నాలుగుసార్లు చేసి చూసుకుంటే అది నిలుస్తుంది. 2020లో బళ్లు మూతపడి ప్రపంచమంతా 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్లలో ఉండిపోయినప్పుడు, ఆ నాలుగుసార్లకీ టైం లేకుండానే ఎంతోమంది టీచర్లు కెమెరా ముందు కూర్చున్నారు. ఎంత టెన్షన్ పడి ఉంటారో ఆలోచించండి.

మొదట్లో బోర్డు మీద రాసేదే స్లైడ్ మీద పెడతారు. ఇంతేనా అనుకోకండి, ఎడమ చెయ్యి కూడా ముందు గీతలే గీసింది. తర్వాత ఒకరోజు చిన్న క్విజ్ పెడతారు, అందరి జవాబులూ ఒకేసారి తెర మీద పడతాయి, ఎప్పుడూ చెయ్యెత్తని వాళ్లు నొక్కిన 2/5లు కూడా. ఇక పాఠం ఎక్కడ ఆపాలో, దేన్ని మళ్లీ చెప్పాలో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రెండు చేతులూ ఎలా కలుస్తాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నా ఎడమ చెయ్యి కూడా ఒక పొద్దున, నేను చూస్తుండగానే, 'అ'ని గుండ్రంగా రాసేసింది.

రేపు క్లాసులో తెర ఆగిపోతే మాస్టారు ఏం చేస్తారో చూడండి. సుద్దముక్క అందుకుంటారా, మీలో ఒకర్ని పిలుస్తారా? పిలిస్తే వెళ్లండి, కానీ మౌస్ లాక్కోకండి. నా స్నేహితుడు కాగితం పట్టుకున్నాడే గానీ కలం నా చేతిలోనే ఉంచాడు. ఎక్కడ నొక్కాలో చూపించి, ఆయన్నే నొక్కనివ్వండి. ఏం జరిగిందో నాకు రాయండి.

మీ తాతయ్య