మద్యం వయసు: దేశదేశాల చట్టాలపై అపోహలు – వాస్తవాలు

మద్యం అలవాటు మాన్పించే వైద్యంలో ఉన్నాను. కొడుకును వెంటబెట్టుకుని వచ్చే తండ్రులు చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "జర్మనీలో పదహారేళ్లకే తాగుతారట కదా డాక్టరుగారూ, వాళ్లకు లేని ముప్పు మావాడికెందుకు?"

అపోహ: యూరప్‌లో పదహారేళ్లు వస్తే ఏదైనా తాగవచ్చు.

జర్మనీలో 16 ఏళ్లకు అమ్మేవి బీరు, వైన్ వంటివే. విస్కీ, బ్రాందీలకు 18 నిండాలి. 21 ఏళ్లలోపువారు మద్యం తాగి బండి నడపడాన్ని అక్కడి చట్టం అసలే ఒప్పుకోదు. పైగా కొన్నేళ్లుగా యూరప్ దేశాలు ఈ వయసును పెంచుతూ వస్తున్నాయి. ఫ్రాన్స్ 2009లో, ఇటలీ 2012లో, నెదర్లాండ్స్ 2014లో 16 నుంచి 18కి పెంచాయి. లిథువేనియా 2018లో ఏకంగా 20 చేసింది.

తగ్గిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే న్యూజిలాండ్‌ను చూడాలి. 1999లో అక్కడ 20ని 18 చేశారు. ఆ తర్వాత మద్యంతో ముడిపడిన రోడ్డు ప్రమాదాలు, 20–24 ఏళ్లవారితో పోల్చి చూస్తే, 18–19 ఏళ్లవారిలోనే కాక 15–17 ఏళ్లవారిలో కూడా పెరిగాయని పరిశోధకులు గుర్తించారు. కొత్త చట్టం ప్రకారం కూడా ఆ చిన్నవాళ్లకు అనుమతి లేదు. అయినా పద్దెనిమిదేళ్ల అన్న కొనగలిగితే పదహారేళ్ల తమ్ముడికి సీసా అందుతుంది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లోనూ మొదటిసారి మద్యం పోసింది ఎక్కువగా అన్నలో, సీనియర్లో.

అపోహ: ఇంట్లో పెద్దల ముందే అలవాటైతే మితంగా తాగుతారు.

ఈ మాట వింటే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ప్రేమతోనే ఆ గ్లాసు పోస్తారు. యూరప్ దేశాల బడి పిల్లల సర్వేల్లో డెన్మార్క్ వంటి ఉదారమైన దేశాలే తాగుడులో పైవరుసలో కనిపిస్తాయి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టినవారు, 21 వచ్చాక మొదలుపెట్టినవారికన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా మద్యానికి బానిసలయ్యారు. వంశపారంపర్యం, ఇంటి పరిస్థితులు కూడా ఇందులో కలిసి ఉంటాయి. కానీ ఉద్వేగాలకు పగ్గం వేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది, అది జర్మన్ కుర్రవాడిదైనా మనవాడిదైనా.

అపోహ: ఓటు వయసే మద్యం వయసు.

జపాన్ 2022లో మేజర్ వయసును 18కి తగ్గించింది, మద్యానికి మాత్రం 20నే ఉంచింది. మన దేశంలో మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. గోవాలో 18, రెండు తెలుగు రాష్ట్రాల్లో 21, కేరళలో 23, ఢిల్లీలో 25. బిహార్‌లో 2016 నుంచి పూర్తి నిషేధం. మనం ఏ నేల మీద ఉంటే ఆ చట్టమే మనకు వర్తిస్తుంది.

అపోహ: అమెరికాలో 21 అనేది కేంద్రం నేరుగా విధించిన నిషేధం.

మద్యంపై అధికారం అక్కడ కూడా రాష్ట్రాలదే. 21 ఏళ్లలోపువారికి అమ్మకాన్ని అనుమతించే రాష్ట్రాలకు రహదారుల నిధుల్లో కోత పెడతామని 1984లో కేంద్రం చట్టం చేసింది. సౌత్ డకోటా సుప్రీంకోర్టుకు వెళ్లి 1987లో ఓడిపోయింది. 1988 నాటికి అన్ని రాష్ట్రాలూ దారికొచ్చాయి. ఆ చట్టం గురిపెట్టింది కొనడం మీద, బహిరంగంగా దగ్గర ఉంచుకోవడం మీద. తల్లిదండ్రుల సమక్షంలో తాగడాన్ని కొన్ని రాష్ట్రాలు నేరంగా చూడవు.

అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలు తెలుసుకోవలసినది ఇంకొకటుంది. మీకు 23 ఏళ్లున్నా, గదిలో ఉండే ఇరవయ్యేళ్ల స్నేహితుడికి సీసా కొనిస్తే కేసు మీ మీదికి రావచ్చు. తాగి కారు నడుపుతూ పట్టుబడితే, కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది.